పోటీకి పంపిన కథ మీద హక్కు ఎవరిది? పంపే ముందు నిబంధనల్లో ఏం చూడాలి?

మీ ప్రశ్నని నేను అర్థం చేసుకున్నది ఇలా. ఒక ఆడియో కథల యాప్ పెట్టిన పోటీకి కథ పంపాలనుకుంటున్నారు. నిబంధనల చివర్లో "పోటీకి వచ్చిన రచనలన్నిటిపై సర్వహక్కులు నిర్వాహకులవే" అని ఉంది. అదే కథని తర్వాత వెబ్ సిరీస్‌గా రాయాలని మీ ఆలోచన. కథ కొట్టేస్తారేమోనని టెన్షన్. ముందే కాపీరైట్ రిజిస్టర్ చేయించుకోవాలా, లేక ఎవరో చెప్పినట్టు కథని కవరులో పెట్టి మన అడ్రసుకి మనమే రిజిస్టర్డ్ పోస్టు చేసుకుంటే సరిపోతుందా అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఆ వాక్యం అలాగే ఉన్నంతవరకు ఆ కథ పంపకండి. నిర్వాహకులకి మెయిల్ రాసి అడగండి. వాళ్లు రాతపూర్వకంగా వివరణ ఇస్తే పంపండి, లేదంటే వేరే కథ పంపండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. చేయించినా ఆ వాక్యం నుంచి అది మిమ్మల్ని కాపాడదు. ఇంటికి తాళం వేసి తాళంచెవి మనమే ఎదుటివాళ్ల చేతిలో పెట్టినట్టు, నిబంధనలకి ఒప్పుకుని హక్కులు ఇచ్చేశాక ఆ సర్టిఫికెట్ తేల్చేది ఒక్కటే: ఇచ్చింది మీరేనని.

నేను హైదరాబాద్‌లో ప్రాక్టీసు చేస్తున్న లాయర్ని. రచయితలు, డిజైనర్లు, ఫొటోగ్రాఫర్ల ఒప్పందాలు చూడటం నా పనిలో పెద్ద భాగం. పోటీలు పెట్టే సంఘాలకి నిబంధనలు రాసిపెట్టిన అనుభవం కూడా ఉంది. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది "దొంగిలించారు" అనే వస్తారు. కాగితాలు తెరిచి చూస్తే చాలాసార్లు అక్కడ దొంగతనం ఉండదు. పంపేటప్పుడు చదవకుండా ఒప్పుకున్న ఒక వాక్యం ఉంటుంది. మీరు ముందే చదివారు, అది చాలా మంచి పని.

చట్టం ఏమంటుంది

1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం కథ కాగితం మీదకో, కంప్యూటర్‌లోకో ఎక్కిన క్షణం నుంచే దాని మీద హక్కు రచయితది. ఎవరి దగ్గరా ముద్ర వేయించుకోనక్కర్లేదు. ఆ హక్కు మీ జీవితకాలం, ఆ తర్వాత మరో 60 ఏళ్లు ఉంటుంది. (ఉద్యోగంలో భాగంగా రాసింది మాత్రం, వేరే ఒప్పందం లేకపోతే, యజమానిది. యాడ్ ఏజెన్సీల్లో, కంటెంట్ కంపెనీల్లో పనిచేసేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.)

ఆ హక్కు చేతులు మారాలంటే సెక్షన్ 19 ప్రకారం రాతకోతలు ఉండాలి, ఇచ్చేవాళ్ల సంతకం ఉండాలి. ఏ రచన, ఏయే హక్కులు, ఎంత కాలం, ఏ ప్రాంతానికి, ఎంత డబ్బుకి అన్నది అందులో రాయాలి. కాలం రాయకపోతే అయిదేళ్లే అని లెక్క. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. ఇంకో ముఖ్యమైనది, చాలామందికి తెలియనిది: హక్కులు తీసుకున్నవాళ్లు ఏడాదిలోపు వాటిని వాడకపోతే, ఒప్పందంలో వేరేగా రాసుకోనప్పుడు, వాడని హక్కులు వెనక్కి వచ్చేస్తాయి.

ఇది ఎంత పనికొస్తుందో ఒక ఉదాహరణ చెప్తాను. వరంగల్ వైపు నుంచి ఒక రచయిత వచ్చారు. ఒక పోటీలో ఆయన కథకి ప్రోత్సాహక బహుమతి వచ్చింది. డబ్బు తీసుకునేటప్పుడు పోటీ పెట్టిన సంస్థ పంపిన పత్రం మీద సంతకం పెట్టారు. రెండేళ్ల తర్వాత ఒక దర్శకుడు ఆ కథని సినిమాగా తీస్తానని అడిగితే, ముద్రణ, ఆడియో, దృశ్య హక్కులన్నీ ఆ సంస్థకి ఇచ్చేసినట్టు పాత పత్రంలో ఉంది. కాకపోతే ఆ పత్రం ఎవరో హడావిడిగా రాసింది. కాలం లేదు, వాడకపోయినా హక్కు తమదే అన్న మాట కూడా లేదు. వాళ్లు కథని పుస్తకంలో వేశారు, అంతే. దృశ్య హక్కు జోలికి ఏడాదిలో పోలేదు కాబట్టి ఆ హక్కు రద్దయిపోయిందని ఉత్తరం రాశాం. వాళ్లు గొడవ పడకుండా, తమకి అభ్యంతరం లేదని రాసిచ్చారు.

కానీ పెద్ద కంపెనీల పత్రాలు ఇలా ఉండవు. "శాశ్వతంగా, ప్రపంచవ్యాప్తంగా, ఇప్పుడున్న, రాబోయే అన్ని మాధ్యమాల్లో, సెక్షన్ 19(4) వర్తించకుండా" అని వాళ్ల లాయర్లు గట్టిగా రాస్తారు. 19(4) అంటే ఇందాక చెప్పిన ఏడాది నియమమే. నిబంధనల్లో ఆ సెక్షన్ నంబరు కనబడిందంటే అవతల తెలిసినవాళ్లు ఉన్నారని అర్థం.

వెబ్‌సైట్‌లో "నిబంధనలకు అంగీకరిస్తున్నాను" అనే గడిలో టిక్ పెడితే అది సంతకం అవుతుందా అని మీరు అడగొచ్చు. ఎలక్ట్రానిక్ ఒప్పందాల్ని ఐటీ చట్టం గుర్తిస్తుంది. హక్కుల బదిలీకి ఉత్త టిక్ చాలదని వాదించే వీలుంది. గొడవ వచ్చాక నాలాంటివాళ్లు కోర్టులో వాడుకునే పాయింటు అది. దాన్ని నమ్ముకుని ముందే టిక్ పెట్టేయకూడదు.

నిబంధనల్లో నేను మొదట వెతికేది

హక్కులు గెలిచిన ఎంట్రీ మీదా, వచ్చిన ఎంట్రీలన్నిటి మీదా? నా దృష్టిలో మంచి పోటీకీ చెడ్డ పోటీకీ తేడా ఇక్కడే బయటపడుతుంది.

గెలిచినవాళ్ల దగ్గర హక్కులు తీసుకోవడం తప్పేమీ కాదు. రూపాయి గుర్తు కోసం కేంద్ర ప్రభుత్వం 2009లో పోటీ పెట్టింది. 2010 జులైలో డి. ఉదయకుమార్ గీసిన గుర్తుని ఎంపిక చేసి రెండున్నర లక్షల బహుమతి ఇచ్చింది. ఎంపికైన గుర్తు మీద కాపీరైట్ ప్రభుత్వానికి వదులుకోవాలన్నది షరతు. దేశపు కరెన్సీ గుర్తు ఒకరి సొంత ఆస్తిగా ఉండటం కుదరదు కాబట్టి ఆ షరతు సమంజసమే. లోగో పోటీలన్నిటికీ ఇదే వర్తిస్తుంది. గెలిచిన లోగోని సంస్థ తన సొంతం చేసుకోవాల్సిందే, లేకపోతే బోర్డు మీద ధీమాగా వేసుకోలేదు.

ఓడిపోయిన వందలమంది పని కూడా పైసా ఇవ్వకుండా అట్టే పెట్టుకోవడం మాత్రం నాకు మింగుడుపడదు. ఒక విద్యాసంస్థ లోగో పోటీ పెట్టింది. గుంటూరు నుంచి ఒకమ్మాయి పంపింది, బహుమతి రాలేదు. మరుసటి ఏడాది ఆ సంస్థ వార్షికోత్సవ బ్రోషర్ మీద, టీషర్టుల మీద ఆమె డిజైనే, రంగులు మార్చి. నిబంధనల్లో "విజేత లోగోపై హక్కులు సంస్థవి" అని మాత్రమే ఉంది. అంటే ఈమె డిజైన్ మీద వాళ్లకి ఏ హక్కూ లేదు. ఆమె దగ్గర లేయర్లతో సహా అసలు ఫైలు, పెన్సిల్‌తో వేసిన మొదటి స్కెచ్‌ల ఫొటోలు, పంపిన మెయిలు అన్నీ ఉన్నాయి. లీగల్ నోటీసు వెళ్లాక డబ్బిచ్చి సర్దుబాటు చేసుకున్నారు. నిబంధనల్లో "వచ్చిన ఎంట్రీలన్నీ" అని ఉండుంటే ఆ నోటీసు రాయడానికి నాకు చెయ్యి వచ్చేది కాదు.

రెండోది, అడుగుతున్నది హక్కుల బదిలీయా, వాడుకోవడానికి అనుమతా? "ఒకసారి సంకలనంలో ప్రచురించే అనుమతి", "ఏడాదిపాటు ఆడియోగా ప్రసారం చేసే అనుమతి" అయితే పెద్ద ఇబ్బంది లేదు. కథ మీదే, వాళ్లు అద్దెకి తీసుకుంటున్నారంతే. అయితే అనుమతికి ముందు "ప్రత్యేక" అనే మాట ఉందేమో చూడండి. ఉంటే ఆ కాలంలో మీరు కూడా అదే కథని మరొకరికి ఇవ్వలేరు.

ఈమధ్య కొన్ని నిబంధనల్లో రచనల్ని ఏఐ మోడళ్ల శిక్షణకి వాడుకుంటామని, లేదా "సాంకేతిక అభివృద్ధికి" వాడుకుంటామని ఉంటోంది. ఒప్పుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం. నేనైతే బహుమతి రాని రచనకి ఆ అనుమతి ఇవ్వను.

పేరు సంగతి కూడా చూసుకోండి. కాపీరైట్ చట్టం సెక్షన్ 57 ప్రకారం, హక్కులు అమ్మేసినా సరే, ఆ రచన మీదేనని చెప్పుకునే హక్కు, మీ పరువు పోయేలా దాన్ని వికృతం చేస్తే అడ్డుకునే హక్కు మీకు మిగిలే ఉంటాయి. ఢిల్లీ విజ్ఞాన్ భవన్ గోడ మీద శిల్పి అమర్‌నాథ్ సెహగల్ చేసిన కంచు కుడ్యశిల్పాన్ని ప్రభుత్వం 1979లో తీసి గోదాములో పడేసింది. 2005లో ఢిల్లీ హైకోర్టు ఆ శిల్పాన్ని ఆయనకి తిరిగి ఇమ్మని, అయిదు లక్షల పరిహారం కట్టమని చెప్పింది. అప్పటికి దాని మీద కాపీరైట్ ప్రభుత్వానిదే, అయినా సరే.

అడిగితే మారుస్తారా?

మీరు అనుకున్న దానికంటే ఎక్కువసార్లు మారుస్తారు. నిర్వాహకుల వైపు కూర్చున్నప్పుడు చూశాను కదా, ఈ "సర్వహక్కులు" వాక్యం చాలాసార్లు కుట్రతో రాసింది కాదు. ఎవరో కుర్రాడు వేరే పోటీ నిబంధనలు కాపీ కొట్టి పేరు మార్చి పెట్టేస్తాడు. ఒక సాహితీ సంఘం వాళ్లు అలాంటి ముసాయిదానే నా దగ్గరికి తెచ్చారు. "ఈ కథల్ని మీరేం చేస్తారు?" అని అడిగితే, "బహుమతి కథలతో పుస్తకం వేస్తాం, వెబ్‌సైట్‌లో పెడతాం" అన్నారు. దానికి సర్వహక్కులు ఎందుకు? ఆ వాక్యం కొట్టేసి, ఒక ముద్రణకి, వెబ్‌సైట్‌లో ఉంచడానికి మాత్రమే అనుమతి అని రాశాం. వాళ్లకి పోయిందేమీ లేదు.

"నిర్ణయంపై ఉత్తరప్రత్యుత్తరాలకు తావులేదు" అని ఉంది, అడిగితే కోపగించుకుని కథ పక్కన పెట్టేస్తారేమో అని కొందరు భయపడతారు. ఆ మాట ఫలితాల గురించి, హక్కుల గురించి కాదు. ఇలా రాయండి:

"నమస్తే. మీ కథల పోటీకి రచన పంపాలనుకుంటున్నాను. నిబంధనల్లో రచనలన్నిటిపై సర్వహక్కులు నిర్వాహకులవే అని ఉంది. బహుమతి రాని కథలకి ఇది వర్తించదని, బహుమతి వచ్చిన కథకి ఆడియో రూపంలో ప్రసారం చేసే హక్కు మాత్రమే మీకు ఉంటుందని, పుస్తకం, సినిమా, వెబ్ సిరీస్ హక్కులు రచయితకే ఉంటాయని అర్థం చేసుకోవచ్చా? దయచేసి మెయిల్ ద్వారా తెలియజేయగలరు."

ఫోన్‌లో "ఏం కాదండీ, ఊరికే పెట్టాం, మీరు పంపేయండి" అంటారు. అది లెక్కలోకి రాదు. మెయిల్లోనే తీసుకోండి, కనీసం వాట్సాప్ మెసేజ్‌గానైనా. మాట్లాడిన వ్యక్తి రేపు ఆ ఉద్యోగంలో ఉండకపోవచ్చు.

రిజిస్ట్రేషన్, పోస్టు కవరు

రిజిస్ట్రేషన్ వల్ల లాభం ఉంది, కాదనను. కాపీరైట్ రిజిస్టర్‌లో ఉన్న వివరాల్ని కోర్టు ప్రాథమిక సాక్ష్యంగా తీసుకుంటుంది. సాహిత్య రచనకి ఫీజు 500 రూపాయలు, కాపీరైట్ ఆఫీసు వెబ్‌సైట్‌లోనే దరఖాస్తు చేయొచ్చు. వెంటనే డైరీ నంబరు, అంటే మీ దరఖాస్తు నంబరు, వస్తుంది. అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగుతారు, ఆ తర్వాత పరిశీలన. సర్టిఫికెట్ చేతికొచ్చేసరికి నెలలు పడుతుంది కాబట్టి పోటీ గడువులోపు వస్తుందని ఆశ పెట్టుకోకండి. నా సలహా: ప్రతి చిన్న కథకీ అక్కర్లేదు. నవలకి, పూర్తి స్క్రిప్టుకి, మీ వెబ్ సిరీస్ లాంటిదానికి చేయించండి. సినిమా వైపు వెళ్లేవాళ్లు రచయితల సంఘాల్లో సభ్యత్వం తీసుకుని అక్కడ స్క్రిప్టు నమోదు చేయించుకోవడం కూడా మామూలే. ఫలానా తేదీకి ఫలానా స్క్రిప్టు మీ దగ్గర ఉందనడానికి అది సాక్ష్యం.

రిజిస్టర్ చేయిస్తే "ఇంతకుముందు ఎక్కడా ప్రచురితం కాలేదు" అన్న హామీకి భంగమా అని కొందరు అడుగుతారు. కాదు. రిజిస్ట్రేషన్ ప్రచురణ కిందికి రాదు. ఫేస్‌బుక్‌లో పెట్టడం, బ్లాగులో పెట్టడం, కొన్ని పోటీల నిబంధనల ప్రకారం వాట్సాప్ గ్రూపులో పెట్టడం కూడా వస్తుంది. కథని నలుగురికి చూపించి అభిప్రాయం అడగాలనుకుంటే ఒక్కొక్కరికి విడిగా మెయిల్ చేయండి.

మన అడ్రసుకి మనమే పోస్టు చేసుకునే పద్ధతికి మన చట్టంలో ప్రత్యేకమైన విలువేమీ లేదు. సీలు విప్పని కవరు ఒక చిన్న సాక్ష్యం కావచ్చు, అంతే. దానికంటే మీరు మామూలుగా పనిచేసే పద్ధతే మంచి సాక్ష్యం. గూగుల్ డాక్స్‌లో రాస్తే ఏ రోజు ఏ పేరా మారిందో చరిత్ర ఉంటుంది. నోట్‌బుక్‌లో కొట్టివేతలతో ఉన్న చిత్తుప్రతి ఉంటే పారేయకండి. పోటీకి పంపిన మెయిల్‌ని, దానికి జత చేసిన ఫైలుని డిలీట్ చేయకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యాలకి కోర్టులో ఒక సర్టిఫికెట్ జత చేయాలి. 2024 జులై 1 నుంచి కోర్టు సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద అది ఇస్తాం. అసలు ఫైలున్న లాప్‌టాప్, అసలు మెయిల్ ఖాతా మీ దగ్గరే ఉంటే ఆ పని తేలికవుతుంది. వీటన్నిటితోపాటు, పంపిన రోజు నాటి నిబంధనల పేజీని పీడీఎఫ్‌గా దాచుకోండి. తర్వాత ఆ పేజీ మారుస్తారు, లేదా తీసేస్తారు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఇది దాచుకున్నవాళ్లు చాలా తక్కువ.

ఐడియా పోటీలు వేరే సంగతి

మీది పూర్తి కథ కాబట్టి ఇది మీకు నేరుగా వర్తించదు. వెబ్ సిరీస్ ఆలోచన ఉందన్నారు కనుక చెప్తున్నాను. "ఒక పేజీలో మీ కాన్సెప్ట్ పంపండి" అనే పోటీలతో జాగ్రత్త. ఐడియాకి కాపీరైట్ లేదు. ఆర్.జి. ఆనంద్ కేసులో 1978లోనే సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. ఆయన తన నాటకం ఆధారంగా సినిమా తీశారని కేసు వేశారు. ఇతివృత్తం, ఐడియా మీద ఎవరికీ హక్కు ఉండదని, దాన్ని చెప్పిన తీరుకే రక్షణ అని చెప్పి కోర్టు ఆయన వాదన ఒప్పుకోలేదు. ఒక పేజీలో చెప్పిన తీరు ఏముంటుంది?

కాపీరైట్ లేని చోట నమ్మకద్రోహం అనే దారి ఒకటి ఉంది. గోప్యంగా చెప్పిన టీవీ కార్యక్రమ ఆలోచనని చానళ్లు వాడుకోకుండా ఢిల్లీ, బాంబే హైకోర్టులు 2002, 2003లలో అడ్డుకున్నాయి. కానీ ఇప్పటి పోటీ నిబంధనల్లో ఆ దారి కూడా మూసేస్తున్నారు. "మీరు పంపేది గోప్య సమాచారం కాదు. ఇలాంటి ఆలోచన మా దగ్గర ముందే ఉండొచ్చు. దాని మీద మీరు ఏ క్లెయిమూ చేయకూడదు." ఈ మూడూ ఉంటే, మీ బలమంతా ఆ ఒక్క ట్విస్టులోనే ఉంటే, పంపకండి. పాత్రలు, సన్నివేశాలు, సంభాషణలతో స్క్రిప్టు రాసుకున్నాక చూసుకోవచ్చు.

ఈ చర్చ చదువుతున్న, హాకథాన్‌లకి (కొత్త యాప్‌లు, పరికరాలు తయారుచేసే పోటీలకి) వెళ్లే పిల్లలకి ఒక్క మాట. మీది కొత్త యంత్రమో, పరికరమో అయితే వేదిక మీద చూపించాక పేటెంట్ దొరకడం కష్టం, ఎందుకంటే కొత్తదనం పోతుంది. ముందే ప్రొవిజనల్ (తాత్కాలిక) పేటెంట్ దరఖాస్తు వేయండి. విడిగా వేసే వ్యక్తులకి ఆన్‌లైన్‌లో ఫీజు 1,600 రూపాయలు, పూర్తి వివరాలివ్వడానికి 12 నెలల గడువు ఉంటుంది. ఫొటో పోటీలకైతే మొదటి రౌండుకి చిన్న సైజు జేపెగ్ చాలు. రా ఫైలు (కెమెరాలో పడిన అసలు ఫైలు) ఎవరికీ ఇవ్వకండి, తీసింది మీరేననడానికి దాన్ని మించిన సాక్ష్యం లేదు. పద్దెనిమిది నిండని పిల్లలు చేసే ఒప్పందం చెల్లదు, కాబట్టి వాళ్ల తరఫున తల్లిదండ్రులే చదివి సంతకం పెట్టాలి.

మీ వైపు నుంచి ఇచ్చే హామీ

ఇది అందరూ తేలిగ్గా తీసుకుంటారు. హామీపత్రంలో "ఇది నా సొంత రచన, అనువాదం, అనుసరణ కాదు, వివాదం వస్తే పూర్తి బాధ్యత నాదే" అని రాసిస్తాం. ఆ చివరి ముక్కకి అర్థం, వాళ్ల మీద కేసు పడితే ఖర్చులు మీరు కట్టాలని. కథలో ఒక సినిమా పాట పల్లవి వాడారా? షార్ట్ ఫిల్మ్‌లో వెనక ఎవరి సంగీతం పెట్టారు? పోస్టర్‌లో వాడిన ఫాంటుకి వాణిజ్య లైసెన్సు ఉందా? ఇద్దరు కలిసి రాస్తే రెండోవాళ్ల సంతకం ఉందా? ఇవి చూసుకోకుండా ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. వీలైతే "నాకు తెలిసినంతవరకు" అన్న మాట చేర్చండి, సాహితీ పోటీల వాళ్లు సాధారణంగా ఒప్పుకుంటారు.

ఇక మీ విషయం. గడువు ఇంకా రెండు వారాలుంది అన్నారు కదా, ఆ మెయిల్ ఈ రోజే పెట్టండి. వారంలో జవాబు రాకపోతే ఒకసారి గుర్తుచేయండి. సరైన జవాబు వస్తే దాన్ని, నిబంధనల పేజీని కలిపి దాచుకుని ఈ కథే పంపండి. "నిబంధనలు మార్చలేం" అంటే, లేదా అసలు జవాబే ఇవ్వకపోతే, సిరీస్‌తో సంబంధం లేని మరో చిన్న కథ పంపండి, పోయినా పరవాలేదనిపించేది. నిబంధనల్లో ఇంకేదైనా వాక్యం అర్థం కాకపోతే, సంస్థ పేరు తీసేసి ఆ వాక్యం యథాతథంగా ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.